ఆ వీణ నేను కాదు

జూన్ 24

కార్పొరేటర్ టికెట్ నాకే వచ్చింది. మా ఆయన ఎల్లేష్ షాపు నుంచి ఫోన్ చేసి చెప్పాడు. వెనక పటాకుల మోత. నేనప్పుడు ఎవరిదో చీరకు ఫాల్ కుడుతున్నాను. సరే అని ఫోన్ పెట్టేసి మిగిలిన బారెడూ కుట్టేశాను.

టికెట్ నాది అంటున్నారు గానీ అడిగింది ఆయన. ఇన్నేళ్ళూ పార్టీ జెండా మోసింది ఆయన. ఈసారి మా వార్డు ఎస్సీ మహిళకు రిజర్వ్ అయింది. ఇంట్లో ఆడవాళ్ళం అమ్మా నేనూ. అమ్మ రోజులో సగం ప్రార్థనలోనే ఉంటుంది. కాబట్టి నేను.

సాయంత్రానికల్లా ఫ్లెక్స్ వేసుకొచ్చాడు. సొంత ఫ్లెక్స్ షాపు ఉన్న మనిషి ఆగుతాడా. నా ఫోటో కంటే ఆయన ఫోటో కొంచెం పెద్దది. 'వీణ ఎల్లేష్' అని పేరు. అందులో ఎల్లేష్ మాత్రం ఎర్ర అక్షరాల్లో ఉంది. "గట్ల చూస్తవేంది, అందరు గిట్లనే ఏస్తరు" అన్నాడు. ఎర్ర రంగు బాగానే కుదిరింది.

జూన్ 26

రఘునాథ్ గారు ఇంటికి వచ్చారు. మా ఏరియాలో పార్టీ ఎన్నికల పనంతా చూసేది ఆయనే. వకీలు. వాళ్ళది తాతల నాటి నుంచి గుడి పూజారుల కుటుంబం. మెత్తగా మాట్లాడతారు. టీ తాగుతూ మా ముందుగది గోడల వంక చూశారు. ఒక గోడకు పోచమ్మ పటం, ఎదురు గోడకు యేసు పటం. నా పెళ్ళయిన కొత్తలో మా అత్తమ్మా, మా అమ్మా కీచులాడుకుని పంచుకున్న గోడలవి.

"వీణమ్మా, నువ్వు చర్చికి పోతవా?"

"పోత సార్, అమ్మతోని."

"మరి బోనం?"

"యేటా ఎత్తుత."

"రెండూనా?"

"రెండూ."

ఆయన నవ్వారు. "ఇంట్ల ఎంతమంది దేవుళ్ళన్న ఉండొచ్చమ్మా. కాయితంల ఒక్కరే ఉండాలె. ఇది ఎస్సీ సీటు. నువ్వు క్రిస్టియన్ అని అవతలోళ్ళు రుజువు చేసిన్రనుకో, కులం సర్టిఫికెట్ పోతది, దాంతోని సీటు పోతది. ఓటర్లు అడగరు. అవతలోళ్ళు అడుగుతరు."

ఆయన మాట పూర్తి కాకముందే ఎల్లేష్ స్టూలు వేసుకుని యేసు పటం దింపేశాడు. అమ్మ వచ్చి దాన్ని తీసుకుని తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

రఘునాథ్ గారు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి అడిగారు. "ఇంకేమన్న ఉన్నదా ఎల్లేష్? వాళ్ళు తవ్వుతరు, చెప్తున్న."

ఎల్లేష్ నా వంక చూశాడు. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేశాను.

జూన్ 27

ఉన్నది పాప సమాధి రాయి.

రాయి మీద ఏముందో నాకు చూడకుండానే తెలుసు. పైన సిలువ. కింద షారోన్. దాని కింద తల్లి వీణ, తండ్రి ఎల్లేష్. ఆ అక్షరాలు ఆయనే షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని డిజైన్ చేశాడు. ఒక్కో అక్షరం పెట్టడం, ముక్కు తుడుచుకోవడం. నాలుగేళ్ళ పిల్ల. ఆ యేడు డెంగీ జ్వరాలకు పిల్లల వరుస నిండిపోయిందని పెద్దల వరుసలోనే చోటిచ్చారు. అమ్మ బాప్తిస్మం ఇప్పించింది కాబట్టి అమ్మ చర్చివాళ్ళ సమాధుల తోటలో పెట్టాం. మీరెవరు, మీదే మతం అని ఆ రోజు ఒక్కరూ అడగలేదు. ఎల్లేష్ ఆ మట్టిలోనే కుంకుమ కూడా వేశాడు. పాస్టరుగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

"తీసేద్దాం అంటలేను వీణా. జెర పక్కకు పెడ్దాం. పోలింగ్ కాంగనే మళ్ళ పెడ్దాం. సిమెంట్ నేనే కలుపుత."

"సరే" అన్నాను.

అంత తొందరగా సరే అంటానని ఎల్లేష్ కూడా అనుకోలేదు.

జూన్ 28

రాయి షాపులో ఉంది. గోనెసంచిలో చుట్టి ఫ్లెక్స్ రోల్స్ వెనక పెట్టాడట. వానకు తడవదు. మంచిదే.

తోట తాళాలు మా చర్చి పెద్ద ఇస్సాకు అన్న దగ్గర ఉంటాయి. ఆయన వచ్చి గేటు తీశాడట, ఏమీ అడగలేదట. ఒక చేయి కూడా వేశాడట.

జూన్ 30

నామినేషన్. రోజూ పెట్టుకునే స్టిక్కర్ పనికిరాదన్నారు. రూపాయి బిళ్ళంత కుంకుమ పెట్టించారు. ముందు పోచమ్మ గుడికి, తర్వాత ఆఫీసుకు. ఊరేగింపులో చెమటకు కుంకుమ ముక్కు మీదికి కారింది. అదే ఫోటో అందరి ఫోన్లలో తిరుగుతోంది. "మస్తుగున్నది, నాచురల్‌గ ఉన్నది" అని ఎల్లేష్ మురిసిపోతున్నాడు.

జూలై 2

నామినేషన్లు పరిశీలించారు. అవతలివాళ్ళ వకీలు లేచి, ఈమె తల్లి చంద్రమ్మ చర్చి సభ్యురాలు అన్నాడు. రఘునాథ్ గారు లేచి, నామినేషన్ వేసింది తల్లి కాదు అన్నారు. ఆఫీసరు నన్నే అడిగాడు.

"మీ మతమేంటమ్మా?"

"హిందూ."

సర్టిఫికెట్‌లో ఉన్నదే చెప్పాను. అబద్ధమేమీ కాదు. మా అమ్మ సర్టిఫికెట్‌లో కూడా అదే ఉంది.

"పాసయినవ్ పో" అన్నారు రఘునాథ్ గారు మెట్లు దిగుతూ.

జూలై 5

ఫోటో బయటికి వచ్చింది. పాప రాయిది. పోయిన యేడు సమాధుల పండుగ నాడు ఎవరో తీసినది. రాయి మీద గులాబీలు, మల్లెలు, రెండు కొవ్వొత్తులు. పైన 'ఎస్సీ సీట్ల క్రిస్టియన్' అని రాశారు. తల్లి వీణ అన్న చోట చుట్టూ ఎర్ర గీత గీశారు.

ఆ గులాబీలు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో నేను ఏరి తెచ్చినవి. ఎంత బేరం చేసినా తగ్గించలేదు పూలమ్మే ఆమె. పాప కోసం అంటే గుప్పెడు ఊరికే వేసింది.

రఘునాథ్ గారు ఫోన్ చేశారు. రేపు యూట్యూబ్ చానెల్ వాళ్ళు వస్తారట. "ఒక్కటే మాట చెప్పమ్మా. గా పేర్లున్నోళ్ళు శహర్ల మస్తుమంది ఉన్నరు, మాది కాదు అను. రాయి అక్కడ లేనే లేదు. ఇంకేం చూపెడ్తరు వాళ్ళు?"

సరే అన్నాను.

జూలై 6

వాళ్ళు వచ్చారు. మా వాకిట్లో కుర్చీ వేశారు. ప్రశ్నలు అడిగిన పిల్ల చక్కగా ఉంది, నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే కాలేజీ పిల్లల్లా.

"మీరు ఏ దేవుణ్ణి నమ్ముతారు మేడం?"

"పోచమ్మ తల్లిని."

"హనుమాన్ చాలీసా వస్తుందా? రెండు లైన్లు చదవండి."

"రాదు. పోచమ్మ పాటలొస్తయ్. పాడాల్నా?"

అవి లెక్కలోకి రావన్నట్టు మొహం పెట్టింది. మా పోచమ్మకు కూడా వాళ్ళ పరీక్షలో పాస్ మార్కులు రావని అప్పుడు తెలిసింది. తర్వాత తన ఫోన్‌లో ఫోటో చూపించింది.

"ఈ సమాధి మీ పాపదేనా?"

"కాదు."

"పేర్లు మీవే ఉన్నాయి కదా?"

"శహర్ల ఎంతమంది వీణలుండరు? ఆ వీణ నేను కాదు."

"మీకు పిల్లలెంతమంది మేడం?"

"లేరు."

ఆ చివరిది నిజమే. ఇవాళ్టికి నిజమే.

కోడి కూసేలోపు యేసు ఎవరో తనకు తెలియదని మూడుసార్లు బొంకిన పేతురు కథ నాకెవరూ గుర్తు చేయనక్కర్లేదు. ఆదివారం బడిలో ఆ కథ చెప్పి బహుమతి తెచ్చుకున్నదాన్ని. కోడి గీడి ఏమీ కూయలేదు. పక్కింట్లో మిక్సీ తిరుగుతోంది, ఆ చప్పుడుకి చివరి జవాబు మళ్ళీ చెప్పించుకున్నారు. మళ్ళీ చెప్పాను.

అమ్మ కిటికీ అవతలే కూర్చుని బియ్యం ఏరుతోంది.

జూలై 7

అమ్మ వెళ్ళిపోయింది. ధూల్‌పేట్ అవతల చిన్నమ్మ వాళ్ళింటికి. చీరలు రెండు, బైబిలు, ఆ పటం. నేను ఆటో దాకా వెళ్ళాను.

"ఎందుకు పోతున్నవే అమ్మా? ఎన్నికలయ్యేదాకనే కదా గీ లొల్లి."

"నాకొక మనుమరాలుండె వీణా. లేదన్న ఇంట్ల నేనెట్ల ఉంటనే?"

కోపంగా అనలేదు. అలా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆటోవాడు అఫ్జల్‌గంజ్ మీంచి పోవాలా, ఎటు పోవాలా అని అడిగాడు. ఎటైనా పొమ్మంది.

ఇల్లు ఖాళీగా ఉంది. నాకు బాధ కలగాలి. మధ్యాహ్నం పప్పు, అన్నం తిన్నాను, సాయంత్రం ప్రచారానికి జల్‌పల్లి వైపు గల్లీలు తిరిగాను.

జూలై 11

ఇంటింటి ప్రచారం. షాహీన్‌నగర్ దారిలో ఒక ముసలామె నా చేయి పట్టుకుని వాకిట్లోకి లాక్కుపోయి పొంగుతున్న మురుగు చూపించింది. "బేటీ, యే మోరీ సాఫ్ కరాదో. బస్." మోరీ బాగు చేయిస్తే చాలట. నా బొట్టు చూడలేదు, మెడ చూడలేదు. నాకు ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. ఎందుకో తెలియదు. మా వాళ్ళు ఫోటో తీసి, కరపత్రం చేతిలో పెట్టి, పదండి పదండి అన్నారు.

జూలై 14

ఏమీ లేదు. గొంతు పోయింది. అల్లం నీళ్ళు.

జూలై 20

బోనాలు. యేటా ఎత్తే బోనమే. మొదట్లో అత్తమ్మ మాట కాదనలేక ఎత్తాను. ఆమె పోయాక నాకే అలవాటై, ఇష్టమై ఎత్తాను. పాప పోయిన యేడు కూడా ఎత్తాను, దారి పొడుగునా అమ్మవారిని తిట్టుకుంటూ. ఆ తల్లి తిట్లన్నీ పడింది.

ఈసారి మూడుసార్లు ఎత్తించారు. మొదటిసారి బోనం మీది దీపం కెమెరాలో పడలేదట. రెండోసారి రఘునాథ్ గారు ఫోటోలో లేరట. డప్పులవాళ్ళు విసుక్కున్నారు, పోతరాజు పక్కకు పోయి బీడీ కాల్చుకున్నాడు. మూడోసారికి నేను ఎవరికి ఏం మొక్కుకుంటున్నానో మరిచిపోయాను. పోయిన యేటి దాకా నాకు ఇద్దరు దేవుళ్ళు. పొద్దున ఒకరితో పోట్లాడితే సాయంత్రం ఇంకొకరితో చెప్పుకునేదాన్ని. గుళ్ళో నిలబడి అమ్మవారి కళ్ళలోకి చూస్తే రాతి మీద పసుపు, వెండి కళ్ళు, అంతే కనిపించాయి.

ఎల్లేష్ పక్కన నిలబడి, "నవ్వు, నవ్వు" అన్నాడు. నవ్వాను.

జూలై 27

పోలింగ్ అయిపోయింది. ఇక రాయి పెట్టేయవచ్చు.

జూలై 30

గెలిచాను.

ఎల్లేష్ రోడ్డు మీద బ్యాండు ముందు ఎగిరి ఎగిరి ఆడాడు. ఆయన్ని అంత సంతోషంగా చూసి ఎన్నాళ్ళయిందో. అందుకు మాత్రం నాకు బాగా అనిపించింది, అబద్ధం ఎందుకు. నా మెడలో దండలు కళ్ళ దాకా వచ్చాయి. ఏమీ కనిపించలేదు.

ఆగస్టు 3

రాయి పెట్టడం ఈ వారం కుదరలేదు. సన్మానాలు.

ఆగస్టు 6

అవతలివాళ్ళు కోర్టుకు పోయారు. నేను క్రిస్టియన్నని, గెలుపు చెల్లదని. "కేసు తేలేదాక రాయి ముచ్చట ఎత్తకున్రి" అన్నారు రఘునాథ్ గారు. "చర్చి గడప తొక్కకమ్మా. పెండ్లన్నా సరే, సావన్నా సరే."

ఎప్పుడు తేలుతుంది అని అడిగాను. కోర్టు కదా అన్నారు.

ఆగస్టు 11

చెప్పకుండా షాపుకు వెళ్ళాను. గోనెసంచి విప్పి ఉంది. ఎల్లేష్ నేల మీద కూర్చుని రాయిని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. నన్ను చూసి లేచాడు.

"దుమ్ము పడ్తున్నది" అన్నాడు.

"ఔను, మస్తు దుమ్మున్నది" అన్నాను.

ఇద్దరం కలిసి మళ్ళీ సంచిలో చుట్టాం. దారిలో పానీపూరీ తిన్నాం.

ఆగస్టు 29

డానియేలు అంకుల్ పోయారు. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. చర్చి పాటల గుంపులో నా వెనకే కూర్చుని తబలా వాయించేవారు. నేను శ్రుతి తప్పితే తబలా మీద గట్టిగా ఒక దెబ్బ వేసేవారు. భార్య నాగమణమ్మ ఒక్కతే అయిపోయింది.

నేను వెళ్ళలేదు. వెళ్ళకూడదు కదా. ఎల్లేష్ శ్రద్ధాంజలి ఫ్లెక్స్ వేసి చర్చి మలుపులో కట్టించాడు. కింద మూలన నా ఫోటో, చేతులు జోడించి.

నాలా పనుల మీటింగులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. కట్ చేశాను. మళ్ళీ చేసింది. ఇంటి నుంచి వెళ్ళిపోయాక అమ్మ ఫోన్ చేయడం ఇదే మొదలు. డానియేలు అంకుల్ కబురు చెప్పడానికే అయి ఉంటుంది, అది నాకు తెలిసిందే. సాయంత్రం చేద్దామనుకున్నాను.

ఆగస్టు 30

చేయలేదు.

సెప్టెంబర్ 14

వినాయకుడి మండపాలు. రోజుకు ఎన్ని హారతులో. గొంతు బాగానే ఉంది.

అక్టోబర్ 19

మోరీ పని మొదలైంది. ఆ ముసలామెను చూద్దామని వెళ్ళాను. ఊరెళ్ళిందట.

నవంబర్ 2

ఇవాళ సమాధుల పండుగ.

వారం నుంచీ రఘునాథ్ గారిని అడుగుతున్నాను. చివరికి ఒప్పుకున్నారు. "కార్పొరేటర్ హోదాల పో. నీళ్ళ ట్యాంకర్ వచ్చిందా, లైట్లున్నయా చూసి రా. పూలు పట్టకపోకు. యాడ కూసోకు." ఎల్లేష్ రానన్నాడు. నాతో పార్టీ కుర్రాళ్ళు ఇద్దరు వచ్చారు. వాళ్ళను ట్యాంకర్ సంగతి చూడమని గేటు దగ్గర వదిలి లోపలికి నడిచాను.

తోట నిండా జనం. సమాధులకు సున్నం వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు పెడుతున్నారు. పిల్లలు కరిగిన మైనం ఉండలు చేసుకుంటున్నారు. నాకు తెలిసినవాళ్ళు చాలామంది కనిపించారు. కొందరు నమస్తే మేడం అన్నారు. పోయిన యేటి దాకా వీణక్కా అన్నవాళ్ళే.

పెద్దల వరుసలో వేపచెట్టు దాటి అయిదో చోటు. రాయి ఉండదని తెలుసు. మట్టి ఉంటుంది కదా, నిలబడి చూసి వచ్చేస్తాను అనుకున్నాను.

అక్కడ కొత్త సమాధి ఉంది. పొడుగ్గా, పెద్ద మనిషిది. సిమెంటు రంగు ఇంకా మారలేదు. డానియేలు అని పేరు. పక్కన నాగమణమ్మ కూర్చుని బ్రష్‌తో అంచులకు సున్నం వేస్తోంది. వరుస తప్పానేమో అని వెనక్కి పోయి చెట్టు దగ్గర నుంచి మళ్ళీ లెక్కపెట్టుకుంటూ వచ్చాను. అదే.

ఇస్సాకు అన్న నన్ను చూసి గబగబా వచ్చాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"వీణమ్మా, నీకు చెప్దామంటే ఎట్ల చెప్పాల్నో తెలియకపాయె. కోర్టు కేసు పడ్డంక అవతలి వకీలు వచ్చిండు, ఫోటోలు తీసెటోన్ని ఎంబడి పెట్టుకొని. ఇక్కడి దాక వచ్చి, ఇది ఎవరి సమాధి, రాయి ఏమాయె అని అడిగిండు. ఎవరిదో, మాకు తెల్వదన్న. మళ్ళ వస్తమని పోయిన్రు. తవ్విచ్చి చూస్తరట అని ఎవరో అన్నరు. మాకు భయమాయె. మన గల్లీ పిల్ల మొదటిసారి గెలిచింది. మా మూలంగ నీ సీటు పోవద్దు కదా. గప్పుడే డానియేలన్న పాయె. కమిటీ కూసొని అనుకున్నం, అన్నను ఇక్కడ్నే పెడ్తే ఇగ ఎవ్వడొచ్చి అడిగినా డానియేలన్న సమాధే. నీ కోసమే అమ్మా. నీ మంచికే."

ఆయన కళ్ళలో ఏ దొంగతనమూ లేదు. నాకు పెద్ద సాయం చేసి, దాన్ని చెప్పుకోలేక ఇన్నాళ్ళూ ఇబ్బంది పడిన మనిషిలా ఉన్నాడు.

"మీ అమ్మ అడ్డం పడ్డది" అన్నాడు. "తవ్వెటోళ్ళ ముందు కూసున్నది. నా బిడ్డను అడుగుత, ఆమె వద్దంటే ఆపాలె మీరు అన్నది. సరే అడుగమ్మా అన్నం. మస్తు సేపు ఆగినం. ఫోన్ చేసింది కదా నీకు?"

"చేసింది" అన్నాను.

"ఏమన్నదమ్మా అని మేం అడిగితే, లేచి పక్కకు పాయె ముసలామె. నువ్వు సరే అన్నవనుకున్నం."

గేటు వైపు నుంచి ఎవరో పిలిస్తే ఇస్సాకు అన్న వెళ్ళాడు. వెళ్తూ నా తల మీద చేయి వేసి వెళ్ళాడు.

కూర్చోవద్దన్నారు. నాగమణమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె సున్నం బకెట్ కొంచెం జరిపి చోటిచ్చింది. ఒక అంచు పూర్తి చేసింది. తర్వాత బ్రష్ ఆపకుండానే చెప్పింది.

"పార ఎయ్యనియ్యలే బిడ్డా. నేనే ఆపిన. చేతులతోని తీసిన్రు. చిన్న చిన్నయి. మా ఆయన కొత్త పంచె ఉండె, క్రిస్మస్‌కని కొన్నది, కట్టనే లేదు. దాంట్లనే చుట్టిచ్చిన. పెట్టెల ఆయన కుడి చేతి కింద పెట్టిచ్చిన."

నేను విన్నాను. ప్రతి మాటా విన్నాను.

"కాలి పట్టీ ఒకటి దొరికింది. అది గుడ తీయలే. గట్లనే ఉంచిన."

పట్టీల సంగతి నేను మరిచిపోయాను. ఒకటే ఉంది పాపకు, రెండోది ఆస్పత్రిలో ఎక్కడో జారిపోయింది. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అది గుర్తు రాలేదు నాకు.

"ఫికర్ చెయ్యకు" అంది నాగమణమ్మ. "ప్రభువు లేపే దినాన ఇద్దరు ఒక్క కాడ్నే లేస్తరు. మా ఆయనకు పిల్లలంటే పానం. చెయ్యి పట్టుకొని నడిపిచ్చుకొస్తడు."

"గప్పుడు అడుగుతరు కదా ఆంటీ" అన్నాను. "ఈ పిల్ల ఎవరి బిడ్డ అని అడుగుతరు కదా. ఏం చెప్తడు అంకుల్?"

ఆమె బ్రష్ బకెట్‌లో పెట్టి నా మొహం వంక చూసింది. ఈ నాలుగు నెలల్లో ఓటు కోసమో, కేసు కోసమో తప్ప నా మొహం వంక ఎవరూ చూడలేదు.

"ఆయనేం చెప్తడు బిడ్డా. ఆయనకేం ఎరుక. నువ్వే చెప్పాలె."

అప్పుడు చెప్పాను. నా బిడ్డ అన్నాను. షారోన్ నా బిడ్డ, నేనే ఆ వీణను అన్నాను. చాలా గట్టిగా అన్నాననుకున్నాను, గొంతు నొప్పి పుట్టేంత గట్టిగా. పక్క సమాధి దగ్గర కొవ్వొత్తులు వెలిగించుకుంటున్నవాళ్ళు ఇటు తిరగలేదు. గేటు దగ్గర కుర్రాళ్ళు ట్యాంకర్ ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. నాగమణమ్మ కూడా నా వైపు వంగి, "ఏమంటున్నవ్ బిడ్డా, ఇనవడ్తలేదు" అంది.